పైది మరో 9 సార్లు

సంపాదకులకు నమస్కారం.

నాలుగో తరగతి చదివే మా మనవడి కంప్యూటర్ నోటుపుస్తకం పోయిన వారం ఎర్ర గీతలతో ఇంటికి వచ్చింది. 'లూప్ అనగానేమి?' అన్న ప్రశ్నకు జవాబు తప్పు రాశాడట, సరైన జవాబు పదిసార్లు రాసుకు రమ్మన్నారు. వాడు 'ఒకే పనిని పదేపదే చేయుటను లూప్ అందురు' అని ఒక్కసారి రాసి, దాని కింద 'పైది మరో 9 సార్లు' అని పెట్టాడు. మర్నాడు మళ్లీ ఇంపోజిషన్, ఈసారి ఇరవై. వాడు తొమ్మిది అన్నాడు చూడండి, పది అనలేదు. ముప్పై ఒక్కేళ్లు లెక్కలు చెప్పినవాణ్ని, ఆ తొమ్మిదికి నేనైతే పూర్తి మార్కులు వేసేవాణ్ని.

ఆ టీచరమ్మను తప్పుపట్టను. ఆమెకు వారానికి ఒక్క పీరియడు, ముందు నలభై మంది పిల్లలు. నా గొడవ పాఠం వరసతోనే. బళ్లో స్క్రాచ్ అనే కంప్యూటర్ భాష నేర్పుతున్నారు, ఆజ్ఞలు రాసిన దిమ్మెలను తెర మీద ఒకదాని కింద ఒకటి పేర్చడమే అందులో పని. 2007లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఈ భాషలో 'రిపీట్' అనే దిమ్మెను లాగి పెడితే అందులో 10 అంకె ముందే కూర్చుని ఉంటుంది. తెర మీది పిల్లి పదిసార్లు కదులుతుంది, పిల్లలు కేరింతలు కొడతారు. రాసి రాసి విసుగెత్తకముందే చేతికి అందింది కాబట్టి, అది వాళ్లకు మరో మీట, అంతే.

వేసవి సెలవుల్లో మా వరండాలో వేరే దారి పట్టాం. 1967లో గణితవేత్త సీమోర్ పేపర్ట్, ఆయన సహచరులు పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. తర్వాత అందులోకి ఒక తాబేలు వచ్చింది, ముందుకు నడవమంటే నడుస్తూ, తిరగమంటే తిరుగుతూ గీత గీస్తుంది. మా ఇంట్లో మనవడే తాబేలు, వాడి చేతిలో సుద్దముక్క. చతురస్రానికి ఎనిమిది ఆజ్ఞలు రాయించాను. షడ్భుజికి పన్నెండు. ముప్పై ఆరు భుజాలతో ఇంచుమించు గుండ్రంగా వచ్చే బొమ్మ రాయమంటే, ఆరో వరుస దగ్గర పెన్ను కింద పడేసి, "తాతయ్యా, ఇదే ముప్పై ఆరుసార్లు అని రాస్తే చాలదా?" అన్నాడు. లూప్ అన్న మాట అప్పుడు చెప్పాను.

త్రిభుజం దగ్గర ఇద్దరమూ బోల్తా పడ్డాం. కోణం 60 డిగ్రీలు కదా అని 60 తిరగమన్నాను. మూడు భుజాలు నడిచి బయలుదేరిన చోటికి రాకుండా తులసికోట దగ్గర తేలాడు. తీరా చూస్తే అది సగం షడ్భుజి! 60 త్రిభుజం లోపలి కోణం, నడిచేవాడు తిరగాల్సింది బయటి కోణం, 120. ఇన్నేళ్లు నల్లబల్ల మీద గీశాను కానీ దాని చుట్టూ ఎప్పుడూ నడవలేదు.

అసలు పాఠం మాత్రం మా ఆవిడ చెప్పింది. ఆమె మల్లెదండ కడుతుంటే వాణ్ని ఆజ్ఞలు రాయమన్నాను: రెండు పూలు ఇటు, రెండు అటు, దారం చుట్టు, ముడి బిగించు, దారం తెంపు, మళ్లీ మొదటినుంచి. ఆమె అక్షరం పొల్లుపోకుండా అలాగే చేసింది. నాలుగేసి పూల తునకలు ఒడినిండా పడ్డాయి. వాడు పొట్టపట్టుకుని నవ్వి, 'దారం తెంపు'ను లూప్ బయటికి లాగాడు. ఎన్నిసార్లు కట్టాలి అంటే లెక్క తేలలేదు, పూలన్నీ ఒకే తీరుగా ఉండవు కదా. "మూర అయ్యేవరకు" అంది ఆమె. లెక్కపెట్టి ఆపడం ఒకటి, ఫలానాది జరిగేవరకు చేయడం ఒకటి అని వాడికి నేను వేరే చెప్పనక్కర్లేకపోయింది.

2020 జాతీయ విద్యావిధానం కోడింగును, అంటే కంప్యూటర్‌కు ఇలా ఆజ్ఞలు రాయడాన్ని, మాధ్యమిక దశలో, అంటే ఆరో తరగతి నుంచి పెట్టమంది. అంతకంటే ముందే మొదలుపెట్టే బడులను ఒక్కటే కోరుతున్నాను. చిన్నపిల్లలను నిర్వచనాలు అడగకండి. తప్పున్న ఆజ్ఞల పట్టీ ఇచ్చి, దండ ఎక్కడ తెగుతుందో చెప్పమనండి. దానికి కంప్యూటర్ గది కూడా అక్కర్లేదు, సుద్దముక్క ఉంటే చాలు.

సోమవారం పరీక్షలో మళ్లీ అదే ప్రశ్న వస్తుందట. 'అందురు' వరకు అప్పజెప్పించి పంపిస్తున్నాను. మార్కులు కావాలి కదా.

– విశ్రాంత గణితోపాధ్యాయుడు, తెనాలి