మణికట్టుకు తగిలే లోహం పేరు పెట్టెమీద ఉండాలి

గౌరవనీయులైన సంపాదకుల వారికి, నమస్కారాలు.

పండుగల సీజన్ వచ్చిందంటే మీ పత్రికతో సహా అన్ని పత్రికల్లోనూ స్మార్ట్‌వాచీల ప్రకటనలు నిండుగా కనిపిస్తాయి. తెర ఎంత పెద్దదో, ఒకసారి చార్జింగ్ పెడితే ఎన్ని రోజులు వస్తుందో, ఎన్ని రకాల వ్యాయామాలను లెక్కపెడుతుందో అన్నీ వాటిలో రాస్తారు. రాత్రింబవళ్లు చర్మాన్ని అంటిపెట్టుకొని ఉండే ఆ వస్తువు వెనుకభాగం, బెల్టు, బకిల్ దేనితో తయారయ్యాయో మాత్రం ఎక్కడా రాయరు. ఆ ఒక్క సమాచారం లేక నేను పడిన బాధను, మా వీధిలో మరొకరు పడిన అంతకన్నా పెద్ద బాధను మీ పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

నేను నల్లగొండ జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఎనిమిదేళ్లు జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. నాకు బీపీ మొదలైందని తెలిసి మా అమ్మాయి నిరుడు సంక్రాంతికి ఒక స్మార్ట్‌వాచీ కొనిచ్చింది. పొద్దున్నే ఎన్జీ కాలేజీ మైదానంలో నడిచి ఎన్ని అడుగులైనవో చూసుకోవడం, రాత్రి ఎంతసేపు నిద్రపట్టిందో తెల్లారి చూసుకోవడం తొందరగానే అలవాటైంది. మూడు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఏప్రిల్‌లో ఎండలు 43, 44 డిగ్రీలకు చేరిన రోజుల్లో ఎడమ మణికట్టు లోపలివైపు, నాడి పట్టి చూసే చోట, దురద మొదలైంది. చెమటకాయలేమోనని గంధం అరగదీసి పూశాను. వారం తిరిగేసరికి ఆ చోటు ఎర్రగా పొంగి, ఆవగింజల్లాంటి నీటిపొక్కులు లేచి, గోకినప్పుడల్లా రసి కారేది. రాత్రిపూట దురదకు మెలకువ వచ్చేది. వాచీని కుడిచేతికి మార్చాను. రెండు రోజులు గడిచాయో లేదో అక్కడా సరిగ్గా అదే చోట పొక్కులు లేచాయి.

అప్పుడు గాని నాకు ఒక విషయం తట్టలేదు. వాచీ వెనుకభాగం ఆనే చోట చర్మం మామూలుగానే ఉంది. రబ్బరు బెల్టు చుట్టిన మేర కూడా ఏ మచ్చా లేదు. పొక్కులన్నీ బకిల్ తగిలే చోటనే, వేలిగోరంత చోటులో, బకిల్ ఆకారంలోనే ఉన్నాయి. బకిల్‌ను వెలుతురులో పెట్టి చూస్తే అంచుల దగ్గర మెరుపుపూత అరిగి లోపలి లోహం బయటపడి ఉంది.

చర్మవైద్యుడి దగ్గరికి వెళ్తే ఆయన చెయ్యి చూసిన వెంటనే అడిగిన ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది. "చిన్నప్పుడు గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు పుండ్లు పడేవా అమ్మా?" అన్నారు. నిజమే, పడేవి. ఇంటర్ చదివే రోజుల్లో జాతరలో కొన్న కమ్మలు పెట్టుకున్న ప్రతిసారీ చెవితమ్మెలు వాచి రసి కారేది. నీకు గిల్టు పడదు, బంగారమైనా పెట్టుకో, లేదంటే వేపపుల్ల పెట్టుకో అని మా అమ్మ తేల్చేసింది. గిల్టు నగలకు వేసే పూతలోనూ, ఆ బకిల్‌లోనూ ఉన్నది ఒకటే లోహం, నికెల్ అయి ఉంటుందన్నారు. దానికి ఒకసారి అలర్జీ ఏర్పడితే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. చెమటలోని ఉప్పు నికెల్‌ను కొద్దికొద్దిగా కరిగిస్తుంది, కరిగినది చర్మంలోకి దిగుతుంది, ఎన్నడో దాన్ని గుర్తుపెట్టుకున్న టి కణాలు అనే తెల్లరక్త కణాలు మళ్లీ దానిమీద విరుచుకుపడతాయి. ఈ పనికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఇవాళ తగిలిన లోహానికి ఎల్లుండి దద్దురు లేస్తే ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికి తోస్తుంది? పిల్లలకు రోగనిరోధక వ్యవస్థ పాఠం ఏళ్ల తరబడి చెప్పిన నాకే తోచలేదు.

డాక్టరు ప్యాచ్ టెస్టు చేయించారు. అనుమానం ఉన్న పదార్థాలను చిన్నచిన్న అల్యూమినియం బిళ్లల్లో పెట్టి వీపుమీద టేపుతో అంటిస్తారు. రెండు రోజులు వీపు తడవకూడదు. మే నెల ఎండలో ఆ రెండు రోజులు ఎలా గడిచాయో చెప్పనక్కర లేదు. 48 గంటలకు బిళ్లలు తీసి ఒకసారి, నాలుగో రోజున మరొకసారి చూశారు. నికెల్ సల్ఫేటు పెట్టిన చోట చర్మం ఎర్రగా ఉబ్బి, పొక్కులు లేచి ఉంది. తక్కిన చోట్ల ఏమీ లేదు. ఆ పరీక్షతో నా సంగతి తేలిపోయింది.

మా వీధిలోని యువకుడి సంగతి వేరు. అతను టిఫిన్ సెంటర్‌లో పనిచేస్తాడు. తెల్లవారుజామున నాలుగింటి నుంచి చేతులు తడిలోనే ఉంటాయి, గిన్నెలు తోమే సబ్బునీళ్లు వాచీ కిందికి పోతూనే ఉంటాయి. అతనికి వాచీ వెనుకభాగం, బెల్టు ఆనిన మేరకంతా కాలినట్టు ఎర్రబారి, మంటపుట్టేది. ఇది అలర్జీ కాదు. చెమట, తడి, సబ్బు, ఒరిపిడి కలిసి చర్మం పైపొరను చెడగొట్టడం వల్ల వచ్చేది. వాచీ వాడేవారిలో ఇది ఎవరికైనా రావచ్చు. దీనికి వాచీ స్వభావమే కొంత కారణం. మావారి పాత హెచ్ఎంటీ వాచీ చేతికి గాజులాగా వదులుగా ఉండేది, రాత్రికి తీసి గూట్లో పెట్టేవారు. స్మార్ట్‌వాచీ అలా కాదు. దాని వెనుక వెలిగే ఆకుపచ్చ దీపం చర్మం కింది రక్తంలో కలిగే మార్పును బట్టి గుండె కొట్టుకోవడాన్ని లెక్కిస్తుంది, అందుకు అది చర్మానికి అంటుకొని ఉండాలి. నిద్రను లెక్కించాలంటే రాత్రి కూడా తీయకూడదు. గాలి ఆడని రబ్బరు కింద చెమట ఎటూ పోలేక అక్కడే నానుతుంది. చాలామంది ఆ దీపం వల్లనే చర్మం కాలుతున్నదని భయపడుతున్నారు గాని, ఈ దద్దుర్లకు సాధారణంగా కారణమయ్యేది దాని చుట్టూ నిలిచిపోయే తడి, దాన్ని పట్టి ఉంచే పదార్థాలు.

ఆ అబ్బాయి వాచీ తీసేసి, చెయ్యి పొడిగా ఉంచుకుంటే రెండు మూడు వారాల్లో మానిపోయేది. కానీ ఎవరో చెబితే మెడికల్ షాపులో ఒక ట్యూబు కొని రాశాడు. రెండు రోజులకే దురద, ఎరుపు పోయాయి. మళ్లీ వాచీ పెట్టాడు, మళ్లీ వచ్చాయి, మళ్లీ రాశాడు. ఇలా నాలుగు నెలలు గడిచాయి. అతని చెయ్యి నేను చూసేనాటికి మణికట్టు చర్మం ఉల్లిపొరలాగా పలచబడి కింది రక్తనాళాలు నీలంగా కనబడుతున్నాయి, మోచేతిదాకా తామర వలయాలు వలయాలుగా పాకి ఉంది. ఆ ట్యూబులో ఉన్నది క్లోబెటసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్. అది దురదను అణచిపెడుతుంది, దానితోపాటే చర్మం తనను తాను కాపాడుకునే శక్తినీ అణచిపెడుతుంది, ఆ సందున తామర అల్లుకుపోతుంది. ఇటువంటి 14 స్టెరాయిడ్ పైపూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అతనికి ఏ చీటీ లేకుండానే, ఒకసారి కాదు నాలుగుసార్లు, ఆ ట్యూబులు అమ్మారు. నెలల తరబడి మందులు మింగితే గాని తామర తగ్గలేదు. పలచబడిన చర్మం ఇంకా పూర్తిగా కోలుకోలేదు. ఇది రాస్తుంటే నాకు కోపమూ దుఃఖమూ రెండూ కలుగుతున్నాయి.

ఇక పెట్టె సంగతి. నా బకిల్ ఏ లోహమో తెలుసుకోవాలని వాచీని పెట్టెతో సహా ప్రకాశం బజారులోని ఒక దుకాణానికి తీసుకువెళ్లాను. దుకాణం నడిపేది నా దగ్గర చదువుకున్న పిల్లవాడే. పెట్టెను నాలుగువైపులా తిప్పి చూసి, "స్టీలే ఉంటది టీచర్, మంచి స్టీలే" అన్నాడు. అతనికీ తెలియదు, తెలుసుకునే దారీ లేదు. పెట్టెమీద ఎంఆర్‌పీ ఉంది, తయారైన నెల ఉంది, తయారైన దేశం పేరు ఉంది, 100కు పైగా స్పోర్ట్స్ మోడ్‌లు ఉన్నాయని ఉంది, బెల్టు 'స్కిన్ ఫ్రెండ్లీ' అని కూడా ఉంది. ఎవరి చర్మానికి అనుకూలం, దేనితో చేశారు గనుక అనుకూలం అన్నది లేదు. స్టీలు అన్న మాట కూడా సరిపోదు. వాచీలలో వాడే మేలైన స్టీలులోనూ నికెల్ నూటికి పది పాళ్లకు పైగా ఉంటుంది. అది దానిలో గట్టిగా ఇమిడి ఉంటుంది కనుక బయటికి విడుదలయ్యేది చాలా తక్కువ. నాసిరకం లోహంమీద నికెల్ పూత పూస్తే మాత్రం చెమటకు సులువుగా కరుగుతుంది. కనుక ఏ లోహమన్నదే కాక, అందులోంచి నికెల్ ఎంత విడుదలవుతుందన్నది కూడా తెలియాలి. వాచీ కంపెనీకి ఈ ప్రశ్నే మెయిల్‌లో రాశాను. కావాలంటే వాచీ మార్చి ఇస్తామని చాలా మర్యాదగా జవాబిచ్చారు. లోహం పేరు మాత్రం రాయలేదు.

ఇది చేయలేని పని ఏమీ కాదు. యూరప్ దేశాలు 1994లోనే దీనిమీద చట్టపరమైన ఆదేశం తెచ్చాయి. చర్మానికి చాలాసేపు ఆని ఉండే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ విడుదల కాకూడదని పరిమితి పెట్టాయి. చెవికమ్మలు, గాజులతోపాటు వాచీ కేసులు, బెల్టులు, వాటి బకిళ్లు కూడా ఆ జాబితాలో పేరుపేరునా ఉన్నాయి. వాళ్లకన్నా ముందే ఇటువంటి నిబంధన పెట్టుకున్న డెన్మార్క్‌లో, ఆ తరువాత చెవులు కుట్టించుకున్న ఆడపిల్లల్లో నికెల్ అలర్జీ తగ్గింది. అమెరికాలో 2014 మార్చిలో ఫిట్‌బిట్ ఫోర్స్ అనే మణికట్టు పట్టీని చర్మ సమస్యల కారణంగా వెనక్కి పిలిపించారు. ఆ దేశంలో అమ్ముడైనవి సుమారు 10 లక్షలు, చర్మానికి ఇబ్బంది కలిగిందని వచ్చిన ఫిర్యాదులు సుమారు 9,900. స్టీలు కేసు, బెల్టు తయారీ పదార్థాలు, భాగాలను అతికించే జిగురు, వీటిలో దేనికైనా అలర్జీ రావచ్చని ఆ ప్రకటనలోనే చెప్పారు. అంతమంది ఫిర్యాదు చేశారు గనుక అది సాధ్యమైంది. మన దగ్గర దద్దురు లేస్తే వాచీ తీసి సొరుగులో పడేస్తాం, లేదంటే ట్యూబు రాస్తాం. ఫిర్యాదు ఎవరికీ చేరదు.

మన దేశంలో స్మార్ట్‌వాచీలకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కానీ అది విద్యుత్ భద్రత కోసం పెట్టింది, చర్మానికి తగిలే పదార్థాల గురించి కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. వస్తువు నాణ్యత, స్వచ్ఛత, ప్రమాణం తెలుసుకోవడం కొనుగోలుదారుడి హక్కని చెప్పింది. హాని కలగకుండా సరిగా ఎలా వాడాలో తగిన సూచనలు ఇవ్వకపోతే తయారీదారును బాధ్యుణ్ని చేసే సెక్షన్ 84 కూడా అందులోనే ఉంది. అపాయకరమైన వస్తువులను వెనక్కి పిలిపించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. కనుక ఆ సంస్థను, బీఐఎస్‌ను నేను కోరేది ఇదే: వాచీ వెనుకభాగం, బెల్టు, బకిల్ ఏ పదార్థాలతో చేశారో పెట్టెమీద రాయించండి, నికెల్ విడుదలకు యూరప్‌లో ఉన్నటువంటి పరిమితి పెట్టండి, దద్దురు లేస్తే వాచీ తీసేసి వైద్యుడికి చూపించాలన్న ఒక్క వాక్యాన్ని తెలుగులో, కళ్లద్దాలు లేకుండా చదవగలిగేంత అక్షరాల్లో వేయించండి. వెయ్యి రూపాయల లోపు దొరికే వాచీలు ఇవాళ బడిపిల్లల చేతులకు కూడా వచ్చాయి. దురద ఎందుకు పెడుతున్నదో పెద్దలకే తెలియనప్పుడు ఏడో తరగతి పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?

ఆ నిబంధనలు వచ్చేలోగా ఇబ్బంది పడుతున్నవారు మొదట మచ్చ ఎక్కడ ఉందో చూసుకోవాలని నా మనవి. బకిల్ దగ్గరో, లోహం తగిలే మరో చోటో మాత్రమే ఉంటే, గిల్టు నగలు కూడా పడనివారైతే, నికెల్‌ను అనుమానించాలి. నేను ఆ బెల్టు తీసేసి ప్లాస్టిక్ క్లిప్పున్న నూలు బెల్టు వేయించుకున్నాను, మూడు వారాల్లో చర్మం మానిపోయింది. బకిల్‌కు రంగులేని గోళ్లరంగు పూయడం కూడా కొన్నాళ్లు పనిచేస్తుంది గాని, అరిగినకొద్దీ మళ్లీ పూస్తుండాలి. బెల్టు కిందంతా ఎర్రబారితే వాచీని, చేతిని కడిగి పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి, తడిపని చేసేటప్పుడు తీసిపెట్టాలి, రోజులో కొన్ని గంటలైనా మణికట్టుకు గాలి తగలనివ్వాలి. తగ్గకపోతే చర్మవైద్యుణ్ని కలవాలి. ట్యూబు ఏదైనా సరే చీటీ లేకుండా కొనకూడదు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. నేను ఫోన్ చేసి నా ఫిర్యాదు నమోదు చేయించాను, టిఫిన్ సెంటర్ అబ్బాయి చేత కూడా చేయించాను.

మీకు ఒక విన్నపం. స్మార్ట్‌వాచీల ప్రకటన ఇచ్చేవారిని, చర్మానికి తగిలే పదార్థాల పేర్లు కూడా అందులో వేయమని మీరు అడగవచ్చు. మీ ఆరోగ్య పేజీలో ప్యాచ్ టెస్టు గురించి, చీటీ లేకుండా అమ్ముతున్న స్టెరాయిడ్ ట్యూబుల గురించి చర్మవైద్యుల చేత సవివరంగా రాయిస్తే, ఈ ఎండాకాలానికి ముందే అది నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ పాఠకులకు చేరుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
నల్లగొండ