అండర్‌ఫ్లోర్ హీటింగ్ గుర్తు చూపించి అమ్మిన వినైల్ ఫ్లోరింగ్‌పై ఫిర్యాదు

విజయనగరం

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

అయ్యా,

సంక్రాంతి ముందు మా మేడ గదిలో మీ కంపెనీ క్లిక్ వినైల్ పలకలు, అంటే జిగురు లేకుండా అంచులు ఒకదానిలో ఒకటి బిగించే ప్లాస్టిక్ పలకలు, వేయించాం. ఎండాకాలం వచ్చేసరికి పడమటి కిటికీ పక్క వరుసలు ఉబ్బి పైకి లేచాయి, అతుకులు విడిపోయాయి. అది మా అమ్మ గది. మోకాళ్ల నొప్పులతో చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. తడి టైల్స్ మీద జారుతుందనే భయంతోనే వినైల్ కొన్నాం. ఇప్పుడు ఆ లేచిన అంచుకే కర్ర తట్టుకుని పడబోతే మా మరదలు పట్టుకుంది.

కొనేముందు మీ డీలరుని అడిగింది ఒకటే మాట. పైన స్లాబు, పడమటి ఎండ నేరుగా పడుతుంది, దీనికి ఆగుతుందా అని. ఆయన పెట్టె మీద ఉన్న అండర్‌ఫ్లోర్ హీటింగ్ గుర్తు చూపించారు. "చలి దేశాల్లో గచ్చు కింద వేడి నీళ్ల గొట్టాలు వేసి, దాని మీద ఇదే పరుస్తారండీ. ఆ వేడికి ఆగింది మన ఎండకి ఆగదా?" అన్నారు. మీ బ్రోచర్‌లో కూడా 'వేడిని తట్టుకుంటుంది' అన్న మాట పక్కనే ఆ గుర్తు వేశారు. నమ్మాం.

పెట్టె లోపలి చిన్న పుస్తకంలో మాత్రం పలక పైభాగం 27 డిగ్రీల సెల్సియస్ మించకూడదని ఉంది. అండర్‌ఫ్లోర్ హీటింగ్‌కు పనికొస్తుందంటే అర్థం అదే కదా! ఆ చలి దేశాల్లో వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉంటుంది, గచ్చులో సెన్సారు ఉంటుంది, వేడిని కొద్దికొద్దిగా పెంచుతారు, గదంతా ఒకేలా వెచ్చబడుతుంది. మా ఊళ్లో మే నెలలో ఎండ పడని మూల కూడా 27 దాటే ఉంటుంది. ఏసీ మెకానిక్ దగ్గరున్న థర్మామీటరుతో మధ్యాహ్నం మూడింటికి కిటికీ పక్క చూస్తే 46 చూపించింది. పైగా ఎండ పడ్డ చోటే పలక సాగుతుంది, మంచం కింద సాగదు. గొట్టాల వేడికి ఇచ్చిన హామీని రోహిణీ కార్తె ఎండకు చూపించి అమ్మడం కొనేవాళ్లను తప్పుదోవ పట్టించడమే.

బిగింపు కూడా మీ డీలరు పంపినవాళ్లే చేశారు. పలకల్ని ముందే గదిలో 48 గంటలు ఉంచాలని మీ పుస్తకమే చెబుతోంది. వాళ్లు ఆటోలో తెచ్చి, దింపిన పూటే పరిచేశారు. గోడ వెంట సాగడానికి వదలాల్సిన సందు వదల్లేదు. గుమ్మం దగ్గరైతే ఇరికించి కొట్టారు. కింద మెత్తటి ఫోమ్ వేశారు. కాలు పడినప్పుడల్లా అది అణిగి, క్లిక్ అతుకు మీదే బరువంతా పడుతుంది.

ఫోన్ చేస్తే మీవాళ్లు ఇచ్చిన జవాబు, 'నేరుగా పడే ఎండ వారంటీలోకి రాదు' అని. అమ్మేటప్పుడు ఆ ఎండ గురించే కదండీ మేం అడిగింది! అప్పుడు లేని షరతు ఇప్పుడెక్కడిది?

మీ మనిషి వచ్చి గది చూడాలి. ఆ పలకలు మీ ఖర్చుతో తీయించి డబ్బు వాపసు ఇవ్వండి. లేదా ఆ ఎండకు నిలుస్తుందని మీరు రాతపూర్వకంగా చెప్పగల రకాన్ని, వేడికి మెత్తబడని జిగురుతో గచ్చంతా పూర్తిగా అంటించి ఇవ్వండి. అంటించే ముందు గచ్చులో తేమ ఉందో లేదో పరీక్షించాలి, పైన స్లాబే కాబట్టి వానాకాలం చెమ్మ దిగుతుంది. అలాగే ఆ గుర్తు పక్కన 27 డిగ్రీల పరిమితిని తెలుగులో, పెద్ద అక్షరాలతో అచ్చు వేయండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి మేడ గదుల్లో పెద్దవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లెవరూ మా అమ్మలా తట్టుకుని పడబోకూడదు.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. నేనుండే చోటే కేసు వేసే వీలు ఆ చట్టంలో ఉంది.

బిల్లు, ఫోటోలు, బ్రోచర్, 27 డిగ్రీలని ఉన్న పేజీ నకలు జతపరిచాను. ఈలోగా గది ఖాళీ చేసి అమ్మను కింద హాల్లోకి మార్చాం. మీ మనిషి ఏ రోజు వస్తారో ముందుగా ఫోన్ చేసి చెప్పగలరు.

ఇట్లు,
మీ వినియోగదారు,
విజయనగరం