మిట్టీని సోయిలకు తెచ్చే పనేంది?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో ఇరవై రెండేండ్ల సంది గుమస్తాగ చేస్తున్న. మీ పేపర్ మా మిల్లు ఆఫీసుకు వస్తది కాబట్టి రోజూ చదువుత గని ఉత్తరం రాసుడు మాత్రం ఇదే మొదటిసారి. పోయిన ఆదివారం చిన్న కథల్లోంచి తీసిన సినిమాల మీద ఒక వ్యాసం వేసిండ్రు. అండ్ల వాల్టర్ మిట్టీ అనేటోని కథ గురించి రాసుకుంట, కథలో మిట్టీ ఉత్తగ పగటికలలు కనుకుంట ఎందుకూ పనికిరాకుండ పోయిండు, సినిమాలో మిట్టీ కలలు బందువెట్టి నిజంగ బతకడం నేర్చుకున్నడు, అందుకే కథకంటే సినిమానే ఒక మెట్టు పైనుంది అన్నరు. అది చదివినకాడి నుంచి నాకు మనసుల మనసు లేదు.

ఆ కథ నాకు తెలిసింది మా బిడ్డ వల్ల. నల్గొండల డిగ్రీ చదువుతది, జిరాక్స్ కాయితాలు తెచ్చుకుని ఇంట్ల చదువుతుంటే ఏంది బిడ్డా అది అని అడిగిన, లైన్ లైన్ చదివి తెలుగుల చెప్పింది. గంట కూడ పట్టలే. జేమ్స్ థర్బర్ అనే అమెరికా రచయిత రాసిండు, 1939 మార్చిల న్యూయార్కర్ పత్రికలో వచ్చింది, మొత్తం కలిపి రెండు వేల మాటలు ఉంటదేమో అంతే. కథ ఏందంటే ఏం లేదు, మొగుడూ పెండ్లాం కార్ల వాటర్‌బరీ అనే ఊరికి పోతరు, ఆమె జుట్టు సెట్ చేయించుకునేందుకు పోతది, ఈయన రబ్బరు ఓవర్‌షూలు కొనాలె, కుక్కపిల్లకు బిస్కెట్లు కొనాలె, మళ్ల వచ్చి హోటల్ల ఆమె కోసం కూసోవాలె. ఇంతే పని. ఈ నడుమల ఆయన అయిదు సార్లు ఇంకో లోకంలకు పోయొస్తడు, ఒకసారి తుఫానుల నేవీ కమాండర్, ఒకసారి పెద్ద సర్జన్, ఒకసారి కోర్టు బోనుల నిలబడ్డ మొనగాడు, ఒకసారి బాంబర్ విమానం పైలట్, చివరికి తుపాకుల ముందు కండ్లకు గంతలు కూడ వద్దని నిలబడ్డ మనిషి.

మీ వ్యాసం రాసినాయన ఆ కలలను ఉత్త గాలిమేడలు అనుకున్నడు. నాకట్ల అనిపించలే. ఒకటి చెప్త చూడుండ్రి. మిట్టీ ఎప్పుడో ఒకసారి మంచుల జారకుండ కారు టైర్లకు కట్టిన గొలుసులు తనే విప్పబోయి ఇరుసుకు చుట్టేసుకున్నడంట, వేరేవాళ్లొచ్చి విప్పి నవ్వుకున్నరంట. అప్పటి సంది గొలుసులు విప్పాలంటే గ్యారేజీకి పోవాల్సిందే అని ఆమె పట్టువడ్తది. అక్కడి పోరగాడు నవ్వుతడు కదా, అందుకని ఈసారి కుడిచెయ్యికి పట్టీ కట్టుకుని మెడకు యేలాడదీసుకుని పోత, అప్పుడు నవ్వరు, ఈయన ఎట్ల విప్పుతడులే అని వాళ్లకే తెలుస్తది అనుకుంటడు. రెండు నిమిషాలైనంక కోర్టు కల వస్తది, అండ్ల ఆయన లాయరు లేచి, ఆ రాత్రి నా క్లయింటు కుడిచెయ్యికి పట్టీ ఉండె, కాల్చలేడు అంటడు, ఈయనేమో లాయర్ మాట అడ్డుకుని ఎడమచేత్తోని కూడ కాల్చగలను అంటడు! ఆ పట్టీ ఎక్కడ్నుంచి వచ్చింది? గ్యారేజీ పోరగాని నవ్వు నుంచి వచ్చింది. మనిషికి తగిలిన దెబ్బ మొత్తం పోయి కలలో గౌరవం అయి వచ్చింది. ఇది పనికిరాని పనా?

ఇంకోటి చప్పుడు. ఆ కథ పొడుగున ఒక చప్పుడు ఉంటది, ట-పాకెటా-పాకెటా-పాకెటా అని. నేవీ కలలో ఇంజన్ చప్పుడది, ఆపరేషన్ కలలో మత్తు మిషన్ చప్పుడు కూడ అదే, యుద్ధం కలలో నిప్పులు కక్కే తుపాకులది కూడ అదే. మా బిడ్డ అది చదివినప్పుడు నా చెయ్యి మీద ఎంటికలు నిక్కబొడుచుకున్నయి, ఎందుకంటే మా మిల్లుల వడ్లు పైకెత్తే ఎలివేటర్ బెల్టు అచ్చం గట్లనే అంటది. డబ్బాకు డబ్బా తగులుకుంట, ఊక దుమ్ముల, పొద్దంతా ఒకటే పాట. సీజన్ల తెల్లందాక నడుస్తది. ఇరవై రెండేండ్ల సంది ఆ చప్పుడు ఇంటున్న, ఆ చప్పుడు మీదనే నేను కూడ ఎటెటో పోయొస్త.

ఎటు పోత అంటే సాగర్ కాడికి పోత. నా చిన్నప్పుడు మా నాయిన సాగర్ గేట్లు ఎత్తినప్పుడు తీసుకపోయి చూపిచ్చిండు, ఆ నీళ్ల పొగ మొకానికి కొట్టింది నాకింకా యాదికుంది. అప్పటి సంది నా కల ఏందంటే వరద వస్తుంటది, 26 గేట్లు, పెద్ద పెద్ద ఇంజనీర్లు నా దిక్కు చూస్తుంటరు, నేను ఏ గేటు ఎన్ని అడుగులు ఎత్తాల్నో నెమ్మదిగ చెప్తుంట, కింద ఊర్లకు ఏం కాదు. పోయిన పంటకు ఒక లారీ కాంటాల నలభై కిలోలు తక్కువ వచ్చింది. చిట్టీ నేను రాసింది కాదు, గని హమాలీల ముందు, వడ్లు తెచ్చిన రైతుల ముందు నన్నే తిట్టిండ్రు. నేనేమన్లే. మాయిశ్చర్ మీటర్ల గింజలు పోసి, తేమ పదిహేడు శాతానికి మీద వచ్చిందా కిందికి వచ్చిందా అని చూసి రాసుకుంట కూసున్న. ఆనాడు మధ్యాహ్నం కలలో సాగర్ మీదికి ఒక పెద్ద ఆఫీసర్ వచ్చి లెక్క ఏదీ అన్నడు, రాసి పెట్టిన సార్, ఒక్క కిలో తేడా లేదు అన్న. గేట్ల కాడ కిలోలేంది అని నాకప్పుడు తట్టలే. మా బిడ్డ ఆ పట్టీ సంగతి చదివినప్పుడు తట్టింది, అప్పుడే లేచి బయటికి పోయి కొంచెంసేపు నిలబడ్డ.

అందుకే అంటున్న, ఆ కథ పనికిరానోని కథ కాదు. పొద్దుందాక మాటలు పడి కూడ మనసును పాడుగాకుండ కాపాడుకున్నోని కథ.

సినిమాలకు వస్త. మొదటిది 1947ల వచ్చింది, శామ్యూల్ గోల్డ్‌విన్ తీసిండు, డానీ కే హీరో. అండ్ల మిట్టీ పత్రికలు అచ్చేసే కంపెనీల పని చేస్తడు, పెండ్లి కాలే, తల్లి గదమాయిస్తుంటది, నగల దొంగలు, గూఢచారులు, వాళ్ల వెనుక ఉరుకుడు, నడుమల పాటలు. థర్బర్‌కు అది సుతరాం నచ్చలే, ఆ ఏడే లైఫ్ పత్రిక ఎడిటర్‌కు ఉత్తరం రాసి మరీ చెప్పిండు. రెండోది 2013ల బెన్ స్టిల్లర్ తనే తీసి తనే నటించిండు. అండ్ల మిట్టీ పనిచేసేది అదే లైఫ్ పత్రికలో, ఫొటోల నెగెటివ్‌లు చూసుకునే పని. ఆఖరి సంచిక మీద వేయాల్సిన 25వ నంబర్ నెగెటివ్ కనపడకపోతే దాన్ని ఎతుక్కుంట గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, హిమాలయాల దాకా పోతడు. మా బిడ్డ ఫోన్ల పెట్టి చూపిచ్చింది, ఇద్దరం ఒకే దుప్పట్ల కూసుని చూసినం.

బాగలేదని నేనన. ఆ హిమాలయాల సీను ఉంది చూడుండ్రి, ఫొటోగ్రాఫర్ ఎన్నొద్దుల సందో మంచు చిరుతపులి కోసం కాపలా కాసి, అది వచ్చినంక ఫొటో తియ్యకుండ ఉత్తగ చూసుకుంట ఉంటడు, అది మంచిగుంది. చివర్ల పత్రిక అట్ట మీద ఎవరి ఫొటో ఉందో చూసినప్పుడు నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నెగెటివ్‌లు చూసుకునే మనిషి కూడ మా లెక్కనే లోపల కూసుని వేరేటోళ్ల పని సరిచేసే మనిషి కదా. గని ఆ సినిమాల ఈ మధ్య పగటికలలు వస్తున్నయా అని ఒకాయన అడిగితే, తగ్గినయి అంటడు మిట్టీ. అక్కడ నాకు పానం చివుక్కుమంది. కలలు జ్వరమా తగ్గెతందుకు?

కథలో కూడ జ్వరం మాట ఉంది, గని ఎవరి నోట ఉంది? పెండ్లాం నోట. నేను కూడ ఏదన్న ఆలోచిస్తుంటనని నీకెప్పుడన్న అనిపించిందా అని హోటల్ల అడుగుతడు మిట్టీ. ఆమె ఆయన దిక్కు చూసి, ఇంటికి పోయినంక నీకు జ్వరం చూస్త అంటది. ఆ ఒక్క మాటల ఎన్నేండ్ల సంసారం ఉందో చూడుండ్రి. ఆమె చెడ్డది కాదు, ఆమెకు భయం. కారు యాభై అయిదు మైళ్ల మీద పోతుంటే నలభై దాటొద్దని చెప్పిన కదా అంటది, చేతులకు గ్లౌజులు తొడుక్కో అంటది. మా ఇంట్ల మా నాయినను మా అవ్వ గిట్లనే అనేది. ఆయన కాలువ గట్టు మీద కూసుని నీళ్ల దిక్కు చూస్తుంటే, సోయి లేకుండ కూసున్నవేందయ్యా, బువ్వ సల్లారిపోతుంది అనేది. తిట్టుడే, గని ఆ తిట్టుల బువ్వ ఉంది.

మీ వ్యాసంల ఈ సంగతి లేదు కాబట్టి రాస్తున్న. రెండు సినిమాలు కూడ పెండ్లాన్ని తీసేసినయి! 1947ల తల్లినీ, పెండ్లి కుదిరిన పిల్లనూ పెట్టిండ్రు, 2013ల ఆఫీసుల ఒకామెను ఇష్టపడుడు పెట్టిండ్రు. పెండ్లి కానోడైతే ఎటన్న పోవచ్చు, హెలికాప్టర్ ఎక్కొచ్చు, సముద్రంల దుంకొచ్చు. కుక్కబిస్కెట్లు పట్టుకుని పెండ్లాం కోసం వానల నిలబడాల్సినోడు ఎటు పోతడు? ఎటూ పోలేడు కాబట్టే ఆ కలలు అంత పదునుగ ఉన్నయి. పెండ్లాన్ని తీసేస్తే కలలకు కారణమే తీసేసినట్టు. అప్పుడు ఆ పేరుతోని ఇంకో కథ అయితది, అది కూడ మంచిదే కావొచ్చు, గని దీన్నే దానికంటే మెట్టు పైన అంటే ఎట్ల?

మా బిడ్డ నాతోని కొట్లాడింది. నాయినా, మరి జిందగీ అంతా గట్లనే కూసోవాల్నా, ఒక్కసారన్న పోవద్దా అన్నది. ఆమెకు హైదరాబాద్ పోయి పీజీ చదవాలని ఉంది, ఇంట్ల ఇంకా సాగుత లేదు ఆ మాట. ఆమె ఆ సినిమా మూడుసార్లు చూసింది. ఇరవై ఏండ్ల పిల్లకు ఆ సినిమా కావాలె, నేనొప్పుకుంట, పోవాలె కూడ, ఈ ఉత్తరం రాసేలోపల నేను మా ఇంట్లామెతోని మాట్లాడిన, పంపుదమన్న. గని యాభై దాటినోడు, పొద్దుగూకేసరికి తక్‌పట్టీలు, అంటే రైతులకు రాసిచ్చే తూకం చిట్టీలు, లెక్క చూసి, రేపటి లారీలకు నంబర్లు వేసి ఇంటికి పోయేటోడు కూడ మనిషే కదా, ఆయనకు ఆ రెండు వేల మాటల కథ కావాలె. ఐస్‌లాండ్ పోతేనే బతికినట్టు అంటే మరి మా గల్లీల ఎంతమంది బతికినట్టు?

కథను సినిమా తీసేటప్పుడు మనిషిని బాగుచెయ్యాలె అన్న రూల్ ఏడుంది? మన తెలుగులనే బెంగాలీ డైరెక్టర్ మృణాల్ సేన్ 1977ల 'ఒక ఊరి కథ' అనే సినిమా తీసిండు, ప్రేమ్‌చంద్ రాసిన కఫన్ కథ నుంచి. ఆ తండ్రీకొడుకులు పని చెయ్యరు, పని చేసినోడు ఏం బాగుపడ్డడని అడుగుతరు. సేన్ వాళ్లకు బుద్ధి చెప్పి పొలానికి పంపలే, పశ్చాత్తాపం పెట్టలే. చూసినోనికి కోపం రావాలె, వాళ్ల మాటల నిజం కూడ కుట్టాలె, రెండూ అయినయి. అది టీవీల ఎప్పుడో రాత్రిపూట వేస్తే చూసిన, తండ్రి వేషం కట్టిన వాసుదేవరావు మొకం ఇంకా కండ్ల ముందట్నే ఉంది. మిట్టీని కూడ గట్లనే ఆయన కార్ల ఆయన్ని కూసోబెట్టి, పక్కన పెండ్లాన్ని కూసోబెట్టి, వాన పడుతుండగ అరగంటల తీస్తే చాలు. తీసే ధైర్యం కావాలె అంతే.

నేను అడిగేది రెండు. ఒకటి, ఇకమీద కథ నుంచి వచ్చిన సినిమా గురించి రాస్తే, రాసేటాయన ఆ కథ కూడ చదివి రాయాలె. ఈ కథ ఎంత, రెండు చాయ్‌లు తాగే టైమ్. రెండోది, మీ ఆదివారం పుస్తకంల కథకు ఇచ్చే జాగ ఈ మధ్య ఒకటిన్నర పేజీ నుంచి ఒక పేజీకి వచ్చింది, దాన్ని ఇంకా తగ్గించకుండ్రి. మిల్లు ఆఫీసుల బల్ల మీద ఆ పేజీ సోమవారం దాకా ఉంటది, హమాలీలు కాయితం మడిచి పొట్లం కట్టేలోపల నేను చదువుకుంట. ఎలివేటర్ నడుస్తుంటది, కాంటా కాడ ట్రాక్టర్ల లైన్ ఉంటది, చిట్టీ కోసం ఎవరన్న సారూ అని పిలిచేదాక నాకు ఆ పేజీ ఉండాలె.

ఇట్లు,
ఒక రైస్ మిల్లు గుమస్తా,
మిర్యాలగూడ, నల్గొండ జిల్లా