ఎనిమిది బస్తాలు, రెండు కాటాలు

పలాస,
మే నెల, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం

ఒరే బావా,

ఫోన్ చేసినప్పుడల్లా "తర్వాత చెప్తానురా" అని పెట్టేస్తున్నానని అలిగావట. ఇది ఫోన్‌లో చెప్పే కథ కాదు, మధ్యలో లెక్కలున్నాయి. కాగితం మీదైతే నువ్వు తీరిగ్గా తప్పులు పట్టొచ్చు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ పరీక్ష ముందు రాత్రి నాకు టీ టేబుల్ (టీ టెస్ట్ అనే లెక్కకి వాడే అంకెల పట్టిక) చూడడం నేర్పించి, "ఇది నీకు జన్మలో పనికిరాదు, మార్కుల కోసం నేర్చుకో" అన్నావు గుర్తుందా? పనికొచ్చిందిరా. జీడిపిక్కల దగ్గర.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పడిపోయిన చెట్ల చోట నాటినవి ఇప్పుడు బాగా కాస్తున్నాయి. ఈ ఏడు పిక్క పర్వాలేదు. అయితే ఇంట్లో మా కాటా మీద తూచి పంపిన ప్రతి బస్తా వ్యాపారి కాటా మీదకి వెళ్లేసరికి కొంచెం తగ్గుతోంది. అమ్మ ఒకటే గొడవ. "దారిలో ఆటో తినేసిందేట్రా పిక్కలు?" అని. నాన్న మాత్రం ఎప్పటిలాగే, "కాటా కాటాకీ తేడా ఉంటాది, ఊరుకో" అన్నాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఎనిమిది బస్తాలకి నంబర్లు వేసి, రెండు చోట్లా తూకాలు రాసుకున్నాను.

ఇంటి తూకాలు కిలోల్లో: 79.2, 76.5, 81.0, 74.8, 80.3, 77.9, 82.1, 75.4. వ్యాపారి దగ్గర అదే వరసలో: 78.3, 76.1, 79.9, 74.2, 80.1, 77.1, 81.1, 74.8. మా సగటు 78.4, ఆయనది 77.7. తేడా 700 గ్రాములు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని విను. నవ్వకు. రెండు వరసల్నీ రెండు వేర్వేరు గుంపులుగా తీసుకుని మామూలు టీ టెస్ట్ చేశాను, సగటుల తేడా నిజమైనదా, కాకతాళీయమా అని చూసే లెక్క. టీ విలువ, అంటే తేడా దాని మామూలు ఊగిసలాటకి ఎన్ని రెట్లో చెప్పే అంకె, 0.53 వచ్చింది. చాలా తక్కువ. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్, అంటే ఈ తూకాలకి పొసగే తేడాల హద్దులు, మైనస్ 2.1 నుంచి ప్లస్ 3.5 కిలోల దాకా. అంటే వ్యాపారి మూడున్నర కిలోలు కొట్టేస్తూ ఉండొచ్చు, లేదా రెండు కిలోలు మాకే ఎక్కువ ఇస్తూ ఉండొచ్చు! ఈ లెక్క పట్టుకెళ్తే ఆయన టీ ఇచ్చి పంపేస్తాడు. నాన్న మాటే నిజమేమో అనుకుని కాగితం మడిచేశాను.

రాత్రి పడుకున్నాక తట్టింది. మేం బస్తాలు కళ్లతో చూసి నింపుతాం, అందుకే ఒకటి 75, ఒకటి 82. ఆ ఎగుడుదిగుడు మా చేతివాటం, దానికీ కాటాకీ సంబంధం లేదు. నేనేమో ఆ గోల మధ్యలో 700 గ్రాములు వెతుకుతున్నాను, తిరునాళ్లలో గుసగుస విన్నట్టు. రెండు కాటాల మీదకీ ఎక్కింది ఒకటే బస్తా కదా! ఏ బస్తాకి ఆ బస్తా తీసేస్తే చాలు. లేచి లైటు వేసి తీసేశాను: 0.9, 0.4, 1.1, 0.6, 0.2, 0.8, 1.0, 0.6. బస్తా బరువు మొత్తం ఎగిరిపోయింది, తేడాలే మిగిలాయి.

ఇప్పుడివి ఎనిమిది అంకెలు, అంతే. సగటు అదే 0.7. ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) మాత్రం రెండున్నర కిలోల పైనుంచి 0.31కి పడిపోయింది. దాన్ని ఎనిమిది వర్గమూలంతో భాగిస్తే 0.109, అదే సగటుకుండే ఊగిసలాట. రెండు కాటాలూ ఒకటే చెప్తున్నాయి, అసలు తేడా సున్నా అనేది మన శూన్య పరికల్పన. 0.7ని 0.109తో భాగిస్తే టీ విలువ 6.4 పైన. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం (ఇక్కడ బస్తాల సంఖ్యలో ఒకటి తక్కువ) ఏడుకి టేబుల్లో 2.365 దాటితే చాలు, ఆ శూన్య పరికల్పనని పక్కన పెట్టేయొచ్చు. ఇంత లెక్క లేకుండా కూడా చూడొచ్చనుకో: రెండు కాటాలూ సమానమే అయితే, ఎనిమిది తేడాలూ ఒకే పక్కకి పడడం 128లో ఒకసారి జరిగే సంగతి.

ఈ టీ టెస్ట్ పుట్టిందే ఇలాంటి చిన్న లెక్కల కోసం. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్ గుర్తున్నాడా? 'స్టూడెంట్' అనే మారుపేరుతో 1908లో రాశాడే, ఆయనే. ఆ వ్యాసంలో ఆయన వాడినవి పది మంది రోగుల నిద్ర లెక్కలు. ఒక్కొక్కరికీ రెండు మందులిచ్చి, ఏ మందుతో ఎంతసేపు అదనంగా నిద్రపోయారో చూసినవి. తేడా సగటు 1.58 గంటలు. ఇవాళ్టి పద్ధతిలో ఏ రోగికి ఆ రోగి చొప్పున చేస్తే టీ 4.06, విడదీసి రెండు గుంపులుగా చేస్తే 1.86. అవే అంకెలు! అక్కడ మనిషికీ మనిషికీ నిద్రలో తేడా, ఇక్కడ బస్తాకీ బస్తాకీ బరువులో తేడా. ఇది చదివాక నా మడిచిన కాగితం మీద సిగ్గు కొంచెం తగ్గింది.

నా కొత్త ఇంటర్వెల్: 0.44 నుంచి 0.96 కిలోలు. "అంటే అసలు తేడా ఇందులో ఉండడానికి 95 శాతం అవకాశం" అని నాన్నకి చెప్పబోయి నాలుక కరుచుకున్నాను, దీనికే కదా నువ్వు నా నెత్తి మీద మొట్టింది. జాతరలో రింగులాట లాగా చెప్పాను. సబ్బు, అంటే అసలు తేడా, ఉన్నచోటే ఉంటుంది, కదలదు. మనం వేసే రింగే, అంటే ఇంటర్వెలే, ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ ఎనిమిదేసి బస్తాలు తూచి రింగులు వేస్తూ పోతే, నూటికి 95 సబ్బుని చుడతాయి. ఈ ఒక్క రింగు చుట్టిందో లేదో తెలీదు. నాన్న అంతా విని, "సబ్బు సరే, డబ్బులెప్పుడిస్తాడు?" అన్నాడు.

ఇక వ్యాపారి మీదకి బయల్దేరడమే తరువాయి. బండి తీశాక అమ్మే ఆపింది. "మన కాటా సరైందని ఎవరు చెప్పేరు?" అంది. చూడు, ఇంత టెస్ట్ చేసి నేను అడగని ప్రశ్న. రెండు కాటాలు వేర్వేరుగా చెప్తున్నాయన్నంత వరకే నా లెక్క, ఏది అబద్ధమాడుతోందో అందులో ఎక్కడా లేదు. తెలిసినవాళ్ల దగ్గర తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల రాళ్లు నాలుగు తెచ్చి మా కాటా మీద పెట్టాను. 80.4 చూపించింది! మొత్తం 700లో 400 గ్రాములు మా ఇంట్లోనే ఉన్నాయి. ఇంటర్వెల్‌ని అంతమేర కిందకి జరిపితే 0.04 నుంచి 0.56. సున్నాకి 40 గ్రాముల దూరంలో ఆగింది. పైగా మేం పొద్దున్న తూస్తే, ఆయన మిట్టమధ్యాహ్నం ఎండలో ఆటో దిగాక తూచాడు. పచ్చి పిక్కలో తడి ఎంత ఆరిందో మరి! బస్తా ఒకటే అనుకున్నాను గానీ, పొద్దున్న బస్తా మధ్యాహ్నానికి అదే బస్తా కాదు.

మొత్తానికి వెళ్లాను, కోపంగా కాకుండా. కాగితం చూపించాను. ఆయన ఇంటర్వెల్ జోలికి పోలేదు గానీ తేడాల వరస మాత్రం రెండుసార్లు వేలితో లెక్కపెట్టుకున్నాడు. "ఈసారి మీ కాటా, ఆ రాళ్లు కూడా పట్టుకురా, పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాడు. కాటాలో తేడా తేలితే పాత బస్తాలకి కూడా కట్టిస్తానన్నాడు. అది సాక్షులు లేకుండా అన్నాడులే.

ఇంకో పన్నెండు బస్తాలున్నాయి. ఏ బస్తా ముందు ఏ కాటా ఎక్కాలో బొమ్మా బొరుసూ వేద్దామనుకుంటున్నాను. వచ్చే ఆదివారం రైలెక్కి వచ్చేయ్. రూపాయి నువ్వు వెయ్యి, తూకాలు నేను రాస్తాను. అమ్మ నీకోసం తాటిముంజలు తీయించి ఉంచుతానంది.

ఇట్లు,
నీ బావ