దోహాలో మనకు లేని కెమెరా

సంపాదకులకు,

కిందటి వారం మీ క్రీడా పేజీలో ఫుట్‌బాల్ వీడియో రిఫరీ (వీఏఆర్, అంటే గదిలో కూర్చుని రీప్లేలు చూసి మైదానంలోని రిఫరీకి తప్పొప్పులు చెప్పే పద్ధతి) మీద వేసిన వ్యాసం చదివాక ఊరుకుందామనే అనుకున్నాను. కానీ మా వీధి చివర టీకొట్టు దగ్గర కుర్రాళ్లు ఆ పేజీ పట్టుకుని "చూశారా, పేపర్లో కూడా వేశారు, వీఏఆర్ ఎత్తేయాలట" అని చంకలు గుద్దుకుంటుంటే ఇక రాయక తప్పలేదు.

వ్యాసకర్త గారి బాధ ఏమిటంటే, గోల్ పడగానే గంతులేసే సుఖం పోయిందట. తెర వైపు చూస్తూ బిక్కుబిక్కుమంటూ నిలబడాల్సి వస్తోందట. కాదనను. ఆటగాడి భుజం ప్రత్యర్థి రక్షకుల కన్నా గోరంత ముందుందని, ఆఫ్‌సైడ్ అని గోల్ రద్దు చేస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. బంతి చేతికి తగిలితే ఎప్పుడు పెనాల్టీ, ఎప్పుడు కాదు అన్న నిబంధననైతే తిరగరాసి తిరగరాసి, రాసినవాళ్లకే అర్థం కాని స్థితికి తెచ్చారు. 2018 ప్రపంచకప్ ఫైనల్లో క్రొయేషియా ఆటగాడు పెరిసిచ్ చేతికి బంతి తగిలిందని రిఫరీ పితానా తెర చూసి వచ్చి ఫ్రాన్స్‌కు పెనాల్టీ ఇచ్చాడు. అది న్యాయమా కాదా అని మా ఇంట్లో ఇప్పటికీ రెండు పార్టీలు. ఉండనివ్వండి. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు వాదన లేకపోతే అన్నం సయించదు.

కానీ ఎత్తేయమనడం వేరు. అదీ ఈ దేశంలో కూర్చుని! వీఏఆర్ గొడవలతో నిత్యం అట్టుడికే ఇంగ్లండులోనే 2024లో వుల్వ్స్ క్లబ్బు దాన్ని ఎత్తేయాలని తీర్మానం పెడితే ప్రీమియర్ లీగ్‌లోని మిగిలిన 19 క్లబ్బులూ కాదన్నాయి. స్వీడన్ వాళ్లు వద్దన్నారు కదా అని వ్యాసంలో గొప్పగా రాశారు. అక్కడ క్లబ్బుల్లో సభ్యులైన అభిమానులకు ఓటుంది, వాళ్లు వద్దన్నారు, క్లబ్బులు విన్నాయి. మన ఫుట్‌బాల్ సమాఖ్యలో అభిమాని మాట చెవిన వేసుకున్న అధికారిని ఒక్కరిని చూపించండి, నేనూ స్వీడన్ పక్షమే.

2024 జూన్ 11 అప్పుడే మరిచిపోయారా? దోహాలో ఖతార్‌తో మన జట్టు ప్రపంచకప్ అర్హత పోటీ. గెలిస్తే అర్హత పోటీల మూడో దశకు మొదటిసారి అడుగుపెడతాం. ఛాంగ్తే గోల్‌తో ముందున్నాం. 73వ నిమిషంలో బంతి మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్‌ను దాటి గోల్ పక్కనుంచి గీత అవతలికి దొర్లింది. బయటికి పోయిందని మనవాళ్లు ఆగిపోయారు. ఖతార్ ఆటగాడు ఒకడు దాన్ని కాలితో వెనక్కి లాగాడు, యూసుఫ్ ఐమెన్ లోపలికి తోశాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు. మనవాళ్లు చుట్టూ మూగి మొత్తుకున్నా వినలేదు. రీప్లేలో గీతకూ బంతికీ మధ్య పచ్చిక కనిపిస్తోంది. మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లాడికి కనిపించింది, మైదానంలో ఉన్నవాళ్లకు కనిపించలేదు. చూపించడానికి ఆ దశ మ్యాచ్‌లకు వీఏఆర్ లేదు మరి. 85వ నిమిషంలో వాళ్ల రెండో గోల్ పడింది, 2-1తో ఇంటికొచ్చాం. మన సమాఖ్య విచారణ జరపాలని ఫిర్యాదు చేసింది. ఫలితం అలాగే ఉంది.

ఇక్కడే మరో సంగతి. అంతకు ఏడాదిన్నర ముందు, 2022 ప్రపంచకప్‌లో, అదే ఖతార్‌లో, అచ్చంగా అలాంటి బంతినే ఏం చేశారు? స్పెయిన్ మీద జపాన్ ఆటగాడు మితోమా వెనక్కి తిప్పిన బంతిని తనాకా గోల్ చేశాడు. బంతి గీత దాటిందేమోనని వీఏఆర్ గదిలో కూర్చుని కొలిచారు. నేల మీద ఆనిన భాగం గీత అవతలే ఉన్నా, బంతి అంచు పై నుంచి చూస్తే గీత మీద మిల్లీమీటర్లలో ఉందని తేల్చి గోల్ ఇచ్చారు. జపాన్ నిలిచింది, అదే గ్రూపులోని జర్మనీ ఇంటికెళ్లింది. పెద్దల పంక్తిలో మిల్లీమీటరుకు లెక్క ఉంటుంది, చివరి పంక్తిలో కూర్చున్నవాడికి విస్తరి వేశారో లేదో చూసే నాథుడుండడు. వీఏఆర్ వల్ల ఆట రుచి చెడిందని ఆ చివరి పంక్తిలోని మనమే వాపోతున్నాం.

తప్పులు జరగడం లేదా అంటే ఎందుకు లేదు! 2023 సెప్టెంబరులో టాటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు డియాజ్ కొట్టిన గోల్‌ను ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. అది ఆఫ్‌సైడ్ కాదని తెరలో స్పష్టంగానే ఉంది. గదిలో ఉన్నాయన మైదానంలో గోల్ ఇచ్చేశారనే భ్రమలో ఉండి 'సరే, అయిపోయింది' అన్నాడు. ఆట మొదలైపోయింది. తరువాత గుర్తించినా ఆపలేమన్నారు. ఇందులో కెమెరా చేసిన పాపమేమిటో వ్యాసకర్త గారే చెప్పాలి. ఆ మాటల రికార్డు బయట పెట్టారు కాబట్టి జనానికి తెలిసింది. నేను అడిగేదీ అంతే, వినిపించండి. 2025 మార్చిలో ఛాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్‌తో పెనాల్టీ షూటౌట్లో అట్లెటికో ఆటగాడు అల్వారెజ్ కాలు జారి బంతిని రెండుసార్లు తాకాడని పెనాల్టీ రద్దు చేశారు. స్టేడియంలో వేలమందికి ఎందుకు రద్దయిందో తెలియదు. జూన్‌లో నిబంధనల సంఘం తీరిగ్గా, పొరపాటున రెండుసార్లు తగిలి గోల్ అయితే మళ్లీ కొట్టనివ్వాలని తేల్చింది. అట్లెటికో అప్పటికే బయట! క్రికెట్లో మూడో అంపైర్ ఏ రీప్లే అడుగుతున్నాడో, ఏమనుకుంటున్నాడో ఇంట్లో ముసలమ్మకు కూడా వినిపిస్తుంది. 2023 మహిళల ప్రపంచకప్‌లో రిఫరీ మైకులో నిర్ణయం ప్రకటించింది, కొంప మునగలేదు కదా.

ఇక మన ఏలికలు. 2023 మార్చిలో బెంగళూరుతో ఆటలో ఛెత్రి ఫ్రీకిక్ గోల్ చెల్లదంటూ కేరళ బ్లాస్టర్స్ మైదానం వదిలి వెళ్తే నాలుగు కోట్ల జరిమానా వేయడానికి చేతులు వచ్చాయి. ఆ ఏడాదే సమాఖ్య అధ్యక్షుడు కల్యాణ్ చౌబే 'వీఏఆర్ లైట్' అనే తక్కువ ఖర్చు పద్ధతి తెస్తామన్నారు. తెస్తామనడానికి ఖర్చు లేదు కదా. మా జిల్లా టోర్నమెంటుకు వస్తే లైన్స్‌మన్ చేతిలో జెండాకు బదులు తువాలు, సున్నం గీత సగం మ్యాచ్‌కే చెరిగిపోయి ఉంటుంది. రోజుకు మూడు ఆటలు నడిపిన రిఫరీకి పారితోషికం ఎప్పుడిస్తారని అడిగితే నిర్వాహకులు ఆకాశం చూశారు. ఒకప్పుడు మన హైదరాబాద్ కోచ్ రహీమ్ సాబ్ శిక్షణలో 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచాం. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన హైదరాబాద్ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోతే ఒక్క మంత్రి నోరు మెదిపినట్టు నాకు గుర్తు లేదు.

మీరూ తక్కువ తినలేదు. 2024 జూన్ 12, 13 నాటి మీ పాత ప్రతులు తెప్పించుకుని చూడండి. న్యూయార్క్‌లో అమెరికాతో మనవాళ్ల టీ20 మ్యాచ్‌కు ఎంత చోటిచ్చారో, దోహా గోల్‌ను ఏ మూల ఇరికించారో కొలిచి చెప్పండి. మిల్లీమీటర్లలో అక్కర్లేదు, సెంటీమీటర్లలో చెప్పినా చాలు.

— ఒక పాత పాఠకుడు, సికింద్రాబాద్