గోల్‌పోస్టు కింద ఒక ట్రాక్టర్ ఇసుక

సంపాదకుడు గారికి,

నమస్కారం. వేసవి శిబిరం పెడితే మా దేవరకొండ వైపు ఫుట్‌బాల్‌కు నలభై మంది పిల్లల దాకా వస్తారు. గోల్‌లో ఎవరు నిలబడాలో మొదటి రోజే తేలిపోతుంది: ఉరకలేనివాడు, లావుగా ఉన్నవాడు, లేదంటే ఆలస్యంగా వచ్చినవాడు. ముప్పై ఏండ్ల కింద నేనూ అట్లనే నిలబడ్డాను. మొరం గీసుకపోయిన మచ్చ మోచేతి మీద ఇంకా ఉంది.

శిబిరానికి కోచ్ ఒక్కరే. ఆయనకు పాసులు, షాట్లు నేర్పేసరికే పొద్దెక్కుతుంది. మిగతా పిల్లలు కొట్టే బంతులకు కీపర్ ఒక గోడ, అంతే. ఎటు అడుగేసి దుంకాలో, తలకు దెబ్బ తగలకుండా భుజం మీద ఎట్లా పడాలో వాడికి చెప్పేవారుండరు. చెప్పినా ఆ మొరంలో పడమంటే ఎవడు పడతాడు? మేమైతే లాంగ్‌జంప్ గుంతలోని ఇసుకలో దుంకి నేర్చుకున్నాం, పీఈటీ సారుతో తిట్లు తింటూనే.

గోల్‌లో ఉన్నోనికి మైదానమంతా కండ్ల ముందుంటుంది. ఎటు ఖాళీ పడిందో చూసి అరిచి చెప్పేది వాడే. కోచ్ పని కూడా అదే కదా. అందుకే పాత కీపర్ కోచ్‌గా పనికొస్తాడు. ఇటలీ గోల్‌కీపర్ దీనో జోఫ్‌నే చూడండి. 1982 ప్రపంచకప్‌లో నలభై ఏండ్ల వయసులో కెప్టెన్. బ్రెజిల్‌తో మ్యాచ్ చివర్లో ఆస్కార్ తలతో కొట్టిన బంతిని గీత మీదనే అదిమి పట్టాడు. 3-2తో గట్టెక్కిన ఇటలీ కప్పు కూడా గెలిచింది. తర్వాత కోచ్‌గా ఇటలీ క్లబ్బు యువెంటస్‌కు 1990లో యూరప్ క్లబ్బుల యూఈఎఫ్ఏ కప్, ఇటలీ కప్ రెండూ తెచ్చాడు. 2000 యూరో ఫైనల్‌కు ఇటలీని తీసుకుపోయాడు. గెలుపు క్షణాల దూరంలో ఉండగా ఫ్రాన్స్ గోల్ కొట్టి సమం చేసింది, అదనపు సమయంలో గోల్డెన్ గోల్‌తో (మొదట గోల్ కొట్టినవాళ్లదే గెలుపు, ఆట అక్కడికే ఆఖరు) ఎగరేసుకుపోయింది. ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్‌ను ఎందుకు కట్టడి చేయలేదని ఇటలీ రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీ తప్పుబడితే, జోఫ్ రాజీనామా ఇచ్చేశాడు. కీపర్‌గా ఉన్నా కోచ్‌గా ఉన్నా, గోల్ పడితే మాట పడేది ఆయనే.

అంత దూరం ఎందుకు, పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడే. సైన్యంలో చేరి, ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి కీపర్ అయ్యాడు. 1956, 1960 ఒలింపిక్స్ జట్లలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. ఆట మానినంక కోచ్‌గా మారి, బొకారో అకాడమీలో పిల్లలను తయారుచేశాడు. మా శిబిరం పిల్లలను అడిగితే ఒక్కడికీ ఈ పేరు తెలియలేదు. విదేశీ కీపర్ల పేర్లు మాత్రం గడగడ చెప్పారు!

జిల్లా క్రీడాధికారులను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ప్రతి శిబిరంలో వారం రోజులైనా ఒక పాత గోల్‌కీపర్‌ను పిలిపించండి. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేటల్లో అట్లాంటివాళ్లు దొరుకుతారు. వయసు మీదపడ్డా కన్ను పోలేదు. గోల్‌పోస్టుల ముందు ఇసుక పోయించండి. ఇండ్లు కట్టుకునేవాళ్లకే ఇసుక అందడం లేదంటారు, నిజమే. అయినా ఒక మైదానానికి ట్రాక్టర్ లోడు దొరకదా?

మీకూ ఒక విన్నపం. స్థానిక మ్యాచ్ వార్తల్లో గోల్ కొట్టినవాళ్ల పక్కన కీపర్ పేరు కూడా వేయండి.

ఇసుక వస్తే పరిచే పని మాకు వదిలేయండి. పారలు మా ఇంట్లో ఉన్నాయి.

- ఒక పాత గోల్‌కీపర్,
దేవరకొండ, నల్లగొండ జిల్లా