ఉప్పుమూట

చిన్నీ,

స్కాలర్‌షిప్ కోసం రాసిన వ్యాసం పంపి తప్పులేమైనా ఉంటే చూడమన్నావు. నీ ఇంగ్లిష్ దిద్దే స్థాయి నాకు లేదు, ఒక్క స్పెల్లింగ్ తప్ప. అది తర్వాత చెప్తాను. మొదటి పేరాలోనే అంతకంటే పెద్ద పొరపాటుంది. ఫోన్లో చెబితే "సరేలే నాన్నా" అని తేల్చేస్తావు. అందుకే కూర్చుని తెలుగులో రాస్తున్నాను. అన్నేళ్లు వారం వారం నిన్ను తెలుగు క్లాసుకి తిప్పిన పెట్రోలు డబ్బులు ఈ రకంగానైనా రాబట్టుకోవాలి కదా.

"నాలుగేళ్లప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని ఎండెవర్‌ని చూశాను" అని రాశావు. ఆ స్పేస్ షటిల్‌ని, నాసా అంతరిక్ష నౌకని, చూసిన మాట నిజమే. నా భుజాల మీద నుంచి మాత్రం కాదు.

అది 2012 సెప్టెంబర్ 21, శుక్రవారం. వినాయక చవితి వెళ్లి రెండు రోజులైంది. మట్టి వినాయకుడు ఇంకా పీట మీదే ఉన్నాడు. సరిగ్గా ఆ రోజే ఐఫోన్ 5 అమ్మకానికి వచ్చింది, మా ఆఫీసులో కుర్రాళ్లు కొందరు తెల్లవారుజామునే వెళ్లి లైన్లో నిలబడ్డారు. నేనేమో నీ చేత ప్రీస్కూల్ ఎగ్గొట్టించాను. అమ్మకి సెలవు దొరకలేదు. తాతయ్య తెనాలి నుంచి వచ్చి నెలైంది. పొద్దున్నే లేవడం, పార్కు చుట్టూ రెండు రౌండ్లు, మోకాలికి బామ్, ఆ తర్వాత ఏం తోచక కిటికీ దగ్గర కూర్చోవడం. "పద నాన్నా, ఒక వింత చూపిస్తా" అని లాక్కుపోయాను.

మాఫెట్ ఫీల్డ్ అనే ఎయిర్‌ఫీల్డ్ పక్కన పార్కింగ్‌లో చోటు దొరికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎదురుగా హ్యాంగర్ వన్ అనే పెద్ద షెడ్డు, పైరేకులన్నీ ఊడదీసి ఒట్టి అస్థిపంజరంలా ఉంది. తాతయ్య చాలాసేపు దాన్నే చూస్తూ "ఇదేనా వింత?" అన్నాడు. బే ఏరియాలో పొగమంచు తేలేదాకా ఆగి, గంట ఆలస్యంగా బయల్దేరిందట షటిల్. "ఇక్కడ కూడా లేటేనా?" అన్నాడు. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో బస్సు నడిపిన మనిషి మరి.

ఆ గంటసేపూ నా బుర్ర తిన్నాడు. అంతరిక్షంలోకి వెళ్లొచ్చిన బండికి ఈ ఊరి నుంచి ఆ ఊరికి వెళ్లడానికి ఇంకో బండి ఎందుకు అని. పైకి వెళ్లేటప్పుడు దానికి రాకెట్లుంటాయి, తిరిగొచ్చేటప్పుడు ఇంజిన్ సాయం లేకుండా గాలిలో జారుకుంటూ దిగుతుంది, దిగాక తనంతట తాను ఎగరలేదు అని చెప్పాను. దానికోసమే నాసా ఒక పాత 747ని కొని, లోపల సీట్లు పీకేసి, వీపు మీద మూడు కొక్కేలు పెట్టింది, ముందు ఒకటి, వెనక రెండు. పైనున్న షటిల్ గాలిని చెదరగొడుతుందని తోక రెక్కల చివర్లలో రెండు పలకలు అదనంగా నిలబెట్టారు. తాతయ్యకి వెంటనే అర్థమైపోయింది. "ఓస్, బండి ఆగిపోతే మేం ఇంకో బస్సుకి కట్టి డిపోకి లాక్కొచ్చేవాళ్లం, అదే కదా" అన్నాడు. ఆ కొక్కెం దగ్గర "షటిల్‌ని ఇక్కడ తగిలించండి, నల్లవైపు కిందికి" అని ఎవరో సరదాగా రాసిపెట్టారని చెబితే మాత్రం నవ్వలేదు. "రాయకపోతే తిరగేసి పెట్టే మహానుభావులు ప్రతి డిపోలోనూ ఉంటారు" అన్నాడు సీరియస్‌గా.

ఎండెవర్ పందొమ్మిదేళ్లలో అంతరిక్షంలోకి పాతిక ట్రిప్పులే వేసిందని చెబితే పెదవి విరిచాడు. మొత్తం తిరిగింది దాదాపు 20 కోట్ల కిలోమీటర్లు అన్నాక కాసేపు ఏం మాట్లాడలేదు. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. తన సర్వీసుతో పోల్చుకున్నాడనుకుంటా.

అంత హడావిడి ఎందుకు చేశానో నీకెప్పుడూ చెప్పలేదు. 2003 ఫిబ్రవరి 1, శనివారం రాత్రి. విజయవాడలో హాస్టల్ మెస్‌లో తింటుంటే టీవీలో వార్త వచ్చింది. కొలంబియా ఇంకాసేపట్లో దిగుతుందనగా టెక్సస్ మీద ముక్కలైపోయింది. ఏడుగురూ పోయారు, అందులో కల్పనా చావ్లా. ప్లేట్లు పట్టుకుని అలాగే నిలబడిపోయాం. ఆమె 1988లో అమెరికాలో పనిలో చేరింది ఈ మాఫెట్ ఫీల్డ్‌లో ఉన్న నాసా వాళ్ల ఎయిమ్స్ పరిశోధన కేంద్రంలోనే. సన్నీవేల్‌లో ఇల్లు తీసుకున్న మొదటి నెలలో ఆ గేటు ముందు నుంచి వెళ్తూ కారు స్లో చేశాను. కొలంబియాని చూసే భాగ్యం లేదు. దాని చెల్లెలినైనా చూద్దామని.

సరే, అసలు సంగతి. నువ్వు నా చేయి పట్టుకుని "ఎత్తుకో" అన్నావు. నేను ఫోన్ పైకెత్తి పట్టుకుని "ఒక్క నిమిషం నాన్నా" అన్నాను. ఈలోగా జనమంతా ఒక్కసారిగా అటు తిరిగారు. ముందు శబ్దం కూడా లేదు. చెట్ల పైనుంచి తెల్లటి జంబో జెట్, దాని వీపు మీద షటిల్, పక్కన చిన్న ఫైటర్. అంత కిందుగా అంత పెద్దది వస్తుంటే పడిపోతుందేమో అనిపించింది. అది మన ముందు ఉన్నది నిమిషం కూడా కాదు.

నిన్న రాత్రి నీ వ్యాసం చదివాక పాత హార్డ్ డిస్క్ వెతికి ఆ వీడియో తీశాను. 41 సెకన్లు. సగం ఎవరిదో టోపీ, పావు వంతు నా బొటనవేలు. చివర్లో మాత్రం షటిల్ తోక కనిపిస్తుంది, ఇంజిన్ల మీద తొడిగిన తెల్లటి మూతతో. కానీ మాటలు బాగా వినిపిస్తున్నాయి. నీ గొంతు: "తాతా, అది ఉప్పుమూట ఎక్కింది!" తాతయ్య గొంతు: "నువ్వూ ఎక్కావుగా." తర్వాత నువ్వు: "దించొద్దు తాతా, దించొద్దు." అంతా వెళ్లిపోయినా కారు దాకా నిన్ను అలాగే మోసుకొచ్చాడు. నేను వెనకాల వీడియో వచ్చిందో లేదో చూసుకుంటూ నడిచాను. ఆ రాత్రి తాతయ్యకి మోకాలు ఉబ్బింది. నాకు చెప్పలేదు, బామ్ వాసనకి అమ్మ కనిపెట్టింది.

ఫోటో లేదు కాబట్టి ఎవరూ దిద్దలేదు. నాలుగైదేళ్ల తర్వాత నువ్వు "నాన్న భుజాల మీద" అని మొదలుపెట్టినప్పుడు నేను విని ఊరుకున్నాను. బాగానే ఉందనిపించింది, ఒప్పుకుంటాను.

తాతయ్య మాత్రం ఏమీ మర్చిపోలేదు. 2021లో మన ఆంధ్రాలో పుట్టిన శిరీష బండ్ల అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చినప్పుడు ఫోన్ చేశాడు. టీవీలో చూశాడట, దాన్నీ ఇంకో విమానమే చంకన పెట్టుకుని పైకి తీసుకెళ్లి వదిలిందని. "చూశావా, అదీ మోత బండే" అన్నాడు.

స్పెల్లింగ్ సంగతి. ఎండెవర్‌లో 'ఆర్' ముందు 'యు' వదిలేశావు. అది బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ ఓడ పేరు, అందుకని బ్రిటిష్ స్పెల్లింగ్. బడిపిల్లల పోటీలో ఎంపికైన పేరు అది. నువ్వేం సిగ్గుపడక్కర్లేదు, 2007లో లాంచ్ ప్యాడ్ దగ్గర కట్టిన బ్యానర్ మీదే 'యు' లేకుండా రాశారు.

మిగతా వ్యాసం ముట్టుకోకు, బాగుంది. భుజాలు తీసేసి వీపు పెట్టు, నాన్న తీసేసి తాతయ్య పెట్టు. ఉప్పుమూటకి ఇంగ్లిష్‌లో ఏమంటావో నీ ఇష్టం. వీడియో పంపిస్తున్నాను, నా బొటనవేలు చూసి నవ్వకు.

ఆదివారం తాతయ్యకి ఫోన్ చేసినప్పుడు ఏ మోకాలో అడుగు. రెండూ అంటాడు.

మీ నాన్న